అమ్మ రెండోసారి నేర్చుకున్న నడక

ఉగాది సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడగడం, నేను కార్ల గురించి రాయడం, దాన్ని ఎవరూ చదవకపోవడం మన సంఘంలో ఆనవాయితీ అయిపోయింది. గేర్‌బాక్సుల మీద నేను రాసిన వ్యాసాన్ని ఆసాంతం చదివింది ఇద్దరేనని మా ఆవిడ లెక్క తేల్చింది. ఆ ఇద్దరిలో ఒకాయన ప్రూఫులు దిద్దినాయన. అందుచేత ఈసారి కార్ల జోలికి పోను. మా అమ్మ గురించి, మా అక్క కూతురి గురించి, వాళ్ళిద్దరి విషయంలో నేను చేసిన రెండు తప్పుల గురించి రాస్తాను. ఇందులో కాస్త వైద్యం కూడా ఉంది. మన సభ్యుల్లో డాక్టర్లు చాలామంది ఉన్నారు కనక తప్పులుంటే చెవి మెలిపెట్టి చెప్పగలరు.

మా ఊరి సంగతి తెలియనివాళ్ళకి రెండు మాటలు. ఇంగోల్‌స్టాట్ బవేరియా రాష్ట్రంలో, డాన్యూబ్ ఒడ్డున, మ్యూనిక్‌కి ఉత్తరాన ఉంది. ఆడి కార్ల కంపెనీ ప్రధాన కార్యాలయం ఇక్కడే. మన తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఈ ఊరు చేరింది ఆ కార్ల పుణ్యమా అనే. చుట్టాలెవరొచ్చినా నేను చూపించేవి రెండు. ఒకటి కార్ల మ్యూజియం, రెండోది పాత అనాటమీ భవనం. 1472లో ఇక్కడ మొదలైన విశ్వవిద్యాలయం 1800లో లాండ్స్‌హూట్‌కి, అక్కణ్ణించి 1826లో మ్యూనిక్‌కి తరలిపోయింది. వైద్య విద్యార్థులు శరీరాన్ని కోసి చదువుకున్న భవనం మాత్రం మిగిలింది. 1973 నుంచి అందులో జర్మన్ వైద్య చరిత్ర మ్యూజియం ఉంది. మేరీ షెల్లీ 1818లో అచ్చయిన తన నవలలో ఫ్రాంకెన్‌స్టైన్‌ని చదువుకోవడానికి పంపింది ఈ ఊరికే. ముక్కలు కూర్చి మనిషిని తయారుచేసిన పెద్దమనిషి కథ కనక, ఇంజనీరునైన నాకు అది చెప్పడం మహా సరదా. 2023 ఆగస్టులో తెనాలి నుంచి అమ్మ వచ్చినప్పుడు ఆవిడకీ చెప్పాను. "ముక్కలు కుట్టేస్తే మనిషౌతాడురా?" అని నవ్వి, మ్యూజియం వెనకున్న ఔషధ మొక్కల తోటలోకి వెళ్ళిపోయింది. అప్పటికి ఆవిడకు డెబ్భై రెండేళ్ళు. కర్ర అవసరం లేదు. నాకంటే జోరుగా నడిచేది.

మొదటి తప్పు అంతకు కొద్దినెలల ముందు చేశాను. మా మేనకోడలు గుంటూరులో బి.పి.టి. చదివింది. ఎంసెట్‌లో మెడిసిన్ సీటు రాని ఏడాది ఇంట్లో జరిగిన సంతాప సభ నాకింకా గుర్తు. బి.పి.టి. అంటే అప్పట్లో నాలుగేళ్ళ చదువు, ఆపైన ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్. "సంబంధాల వాళ్ళు అడిగితే డాక్టరనాలా, నర్సనాలా?" అని మా అక్క దిగులు. పిల్ల మాత్రం దిగులు పడకుండా అమెరికా వెళ్ళి, చదువు పూర్తిచేసి, లైసెన్సు పరీక్ష పాసై, ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగంలో చేరింది. హమ్మయ్య అనుకున్నాం. 2023 మే నెలలో ఫోన్ చేసి, ఉద్యోగం మానేసి ఏడాదిపాటు న్యూరో రెసిడెన్సీ చేస్తానంది. పక్షవాతం, వెన్నుపూస దెబ్బలు, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి నాడీ జబ్బుల వాళ్ళకే ప్రత్యేకంగా వైద్యం చేసే శిక్షణ అది. ఆ ఏడాది జీతం మామూలు ఉద్యోగం కంటే తక్కువ. చదువుకి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు.

అక్క నాకు ఫోన్ చేసి "నువ్వు చెబితే వింటుందిరా" అంది. మేనమామని కదా, గంటసేపు చెప్పాను. లైసెన్సు ఉంది, ఉద్యోగం ఉంది, మళ్ళీ తక్కువ జీతానికి శిష్యరికం ఎందుకన్నాను. డాక్టర్లకు రెసిడెన్సీ అంటే అర్థముంది గానీ, ఎక్సర్‌సైజులు చేయించడానికి రెసిడెన్సీ ఏమిటని కూడా అన్నాను. ఆ మాట అన్నానని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ పిల్ల కోప్పడలేదు. "పేషెంటు ముందుకొస్తే ఏదో ఒకటి చేయించడం నాకొచ్చు మామయ్యా. అది చాలు అనిపించే రోజు రాకముందే ఇంకొకరి కళ్ళముందు నేర్చుకోవాలి" అంది. జూలైలో చేరిపోయింది.

అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చుంది. గ్లాసు కుడిచేతిలోనే ఉంది. మా ఆవిడ చూస్తుండగా ఎడమ పక్క మూతి జారింది, ఎడమ చెయ్యి ఒళ్ళో నుంచి కిందికి వేలాడింది. అమ్మకు అది తెలియనే లేదు. "రాత్రి సరిగ్గా నిద్రలేదు, కాస్త పడుకుంటే తగ్గుతుంది" అంటోంది. నేను "సరే, పడుకోబెడదాం" అన్నాను. మా ఆవిడ నా మాట వినకుండా 112కి ఫోన్ చేసింది. మా అమ్మ ఈరోజు నడుస్తోందంటే మొదటి కారణం ఆ ఫోను. రక్తపు గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. పడుకోబెట్టి ఉంటే ఆ నాలుగున్నర గంటలూ గురకలో పోయేవి.

మందు పనిచేసింది, ప్రాణం నిలిచింది. మెదడులో కుడివైపు కొంత భాగం మాత్రం దెబ్బతింది. మాట పోలేదు గానీ ఎడమ చెయ్యి, ఎడమ కాలు చచ్చుబడ్డాయి. అంతకంటే విచిత్రం, అమ్మకు ఎడమవైపు అనేదే లేకుండా పోయింది. పళ్ళెంలో అన్నం పెడితే కుడివైపు సగమే తిని "పప్పు వెయ్యలేదేమిటి?" అనేది. పప్పు ఎడమవైపున అలాగే ఉండేది. పళ్ళెం తిప్పిపెడితే, "ఇప్పుడు వేశావా?" అనేది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక కిటికీ వైపు తిరిగేవాణ్ణి.

జర్మనీలో నాడీ పునరావాసానికి ఒక నిచ్చెన ఉంది. 1995లో ఇక్కడి పునరావాస సంస్థల సమాఖ్య దాన్ని ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు మెట్లుగా విడగొట్టింది. ఎ అంటే ప్రాణం నిలబెట్టే ఆసుపత్రి, బి అంటే మంచం మీద ఉండగానే మొదలయ్యే పునరావాసం. సి, డి మెట్లలో రోగి పైకి లేస్తాడు. చివరివి మళ్ళీ పనిలోకి వెళ్ళడానికి, దీర్ఘకాలం కనిపెట్టుకుని ఉండడానికి. ఏ మెట్టు మీద ఉన్నారో తేల్చడానికి బార్తెల్ సూచీ అని ఒక కొలత వాడతారు. తినడం, స్నానం, బట్టలు కట్టుకోవడం, మెట్లెక్కడం ఇలా పది పనులకు కలిపి నూరు మార్కులు. 1965లో మేరీలాండ్ రాష్ట్రంలో ఒక డాక్టరు, ఒక ఫిజియోథెరపిస్టు కలిసి దీన్ని ప్రచురించారు. సూచీకి ఫిజియోథెరపిస్టు డొరొతియా బార్తెల్ పేరే నిలిచింది. మా అమ్మకు మొదటిసారి వచ్చింది 35. ఎస్సెల్సీలో ఫస్టుక్లాసు తెచ్చుకున్న మనిషి!

ఊరికి ఉత్తరంగా ఆల్ట్‌మ్యూల్ లోయలో కిప్ఫెన్‌బర్గ్ అనే చిన్న ఊరుంది. అక్కడున్న నాడీ పునరావాస ఆసుపత్రిలో అమ్మను చేర్చాం. చుట్టపుచూపుగా వచ్చిన మనిషికి తీసుకున్న బీమాలో పునరావాసం లేదని ఆ కంపెనీవాళ్ళు చేతులెత్తేశారు. నేను కొత్త కారు కోసం దాచిన డబ్బు ఖర్చయింది. పెద్దవాళ్ళను పిలిపించుకునేవాళ్ళు బీమా కాగితాల్లో ఆ పేజీ ఒక్కటైనా ముందే చదవండి. నేను చదవలేదు.

అక్కడి ఫిజియోథెరపిస్టు ఒకావిడ, యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. మొదటిరోజే కాగితం, పెన్సిలు తెచ్చి నాలుగు మాటలకు తెలుగు చెప్పమంది. ఎడమ, చూడు, మెల్లగా, చాలు. జర్మన్ అక్షరాల్లో రాసుకుంది. పెద్దావిడ కదా, "చూడండి" అనాలని నేను దిద్దబోతే, అమ్మ అడ్డొచ్చి "చూడు అననీరా, నోరు తిరక్క చస్తుంది" అంది.

నన్ను బాగా భయపెట్టింది ఇంకొకటి. కూర్చోబెడితే అమ్మ ఎడమవైపుకి ఒరిగేది. ఒరగడమే కాదు, మంచిచేత్తో మంచాన్ని నెట్టి మరీ ఎడమవైపు పడిపోబోయేది. నేను భుజం పట్టుకుని కుడివైపుకి తోస్తే, "పడేస్తున్నావురా!" అని అరిచి ఇంకా గట్టిగా నెట్టేది. ఆవిడ నన్ను పక్కకి జరగమంది. చక్రాల కుర్చీని తలుపు ఎదురుగా తీసుకెళ్ళి, తలుపు చట్రం నిలువు గీతను చూపించి "చూడు" అంది. ఆ గీతకు నీ ఒళ్ళు సరిపోయిందా అని చేత్తో అడిగింది. అమ్మ చాలాసేపు చూసింది. తర్వాత తనంతట తను కొద్దిగా కుడికి జరిగింది. ఎవరూ తోయలేదు.

ఆ సాయంత్రం ఆరింటికి మేనకోడలు ఫోన్ చేసింది. వాళ్ళకది మధ్యాహ్నం భోజనాల వేళ. అమ్మకు పక్షవాతం వచ్చిన రోజునుంచీ అదే వేళకు చేస్తోంది. తలుపు సంగతి చెప్పగానే ఎగిరి గంతేసింది. దానికి పుషర్ సిండ్రోమ్ అని పేరుందట. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో హాన్స్ ఓటో కార్నాత్ బృందం 2000లో దీని గుట్టు బయటపెట్టింది. ఈ రోగులకు ఒళ్ళు దాదాపు 18 డిగ్రీలు ఒరిగి ఉన్నప్పుడు నిటారుగా ఉన్నట్టు అనిపిస్తుంది. కళ్ళతో చూసే నిలువు మాత్రం సరిగ్గానే ఉంటుంది. అందుకని తోయకూడదు, కళ్ళకు నిలువు గీత చూపించి ఒళ్ళును దిద్దుకోనివ్వాలి. ఈ ఒక్క వివరం వినగానే ఇంజనీరుగా నా బుర్ర వెలిగింది. ఒక సెన్సరు 18 డిగ్రీలు తప్పు చూపిస్తోంది, ఇంకో సెన్సరు బాగానే ఉంది, బాగున్నదాన్ని ఆధారం చేసుకుని దిద్దుతున్నారు. మేము ఫ్యాక్టరీలో చేసేదీ అదే. "మరి నువ్వు ఎక్సర్‌సైజులు అన్నావుగా మామయ్యా" అని మేనకోడలు దెప్పలేదు. దెప్పి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

రెండో తప్పు నవంబరులో చేశాను. అమ్మను మంచం మీంచి లేపాల్సి వచ్చింది. నర్సు కోసం బెల్లు కొట్టి ఆగలేక, అందిన చెయ్యి పట్టుకుని లాగాను. అందింది ఎడమ చెయ్యి. పక్షవాతం వచ్చిన చేతికి భుజం దగ్గర కండరాల పట్టు ఉండదు, కీలు జారుగా ఉంటుంది. లాగితే జారుతుంది, నొప్పి పట్టుకుంటుంది. మూడు వారాలు ఆ భుజం నొప్పితో అమ్మ రాత్రిళ్ళు నిద్రపోలేదు. చెయ్యి కదిలించడం నేర్పాల్సిన రోజుల్లో ఆ చేతిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మేనకోడలు వీడియోలో చూసి, "ఎవరు లాగారు?" అంది. నేనే అన్నాను. కాసేపు ఊరుకుని, భుజం కింద దిండు ఎలా పెట్టాలో, పక్కమీద ఎలా తిప్పాలో, లేపేటప్పుడు చెయ్యి బదులు నడుమూ భుజం వెనకా ఎలా పట్టుకోవాలో చూపించింది. తలగడనే అమ్మమ్మగా పెట్టుకుని చేసి చూపించింది. ఆ పాఠం మా ఆవిడ, నేను, పద్నాలుగేళ్ళ మా అమ్మాయి ముగ్గురం నేర్చుకున్నాం.

అప్పుడు అడిగాను, ఆ రెసిడెన్సీలో అసలు ఏం చేస్తారని. ముందే అడగవలసిన ప్రశ్న.

ఆ పిల్ల చెప్పింది నాకర్థమైనంతవరకు చెబుతాను. అమెరికాలో ఫిజియోథెరపీలో గుర్తింపు పొందిన రెసిడెన్సీ మొత్తం కనీసం 1,800 గంటలు. అందులో 1,500 గంటలు రోగుల దగ్గర, 300 గంటలు చదువు. ఈ 1,500లో కనీసం 150 గంటలు మెంటర్ పక్కన ఉండగా చేయాలి. సంఖ్యలు అలా ఉంచండి, ఆ 150 గంటల్లోనే కిటుకంతా ఉంది. మెంటర్ పక్కన నిలబడతారు, చెయ్యి పెట్టరు. రోగిని చూసేది రెసిడెంటే. ముందు ఏమనుకుంటున్నావు, ఎందుకు అనుకుంటున్నావు, నువ్వనుకున్నది తప్పయితే ఎలా తెలుస్తుంది, ఈ మూడూ చెప్పాకే మొదలుపెట్టాలి. అయ్యాక మళ్ళీ అవే మూడు. మా మేనకోడలు మొదటి నెలలో ఒకాయన్ని చక్కగా పది అడుగులు నడిపించి మెప్పుకోసం చూస్తే, "ఆయన నడిచాడా, నువ్వు నడిపించావా?" అని అడిగారట మెంటర్. ఆ రాత్రి తనకు నిద్రపట్టలేదంది. ఉద్యోగం చేసిన రెండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట. పని అయిపోయిందా, గంటలు రాశావా అనే అడిగారట.

రెసిడెన్సీ అయ్యాక స్పెషలిస్టు పరీక్ష రాయవచ్చు. నాడీ విభాగంలో అమెరికా మొదటి స్పెషలిస్టులు 1987లో వచ్చారు. రెసిడెన్సీ లేకుండా, ఆ విభాగంలో రోగులతో 2,000 గంటల అనుభవం చూపించి కూడా పరీక్షకు కూర్చోవచ్చు. మరి ఆ దారిలోనే వెళ్ళొచ్చు కదా, జీతమూ పోదు అన్నాను, పాతవాసన పోక. "రెండువేల గంటలు ఒకే తప్పు చేసినా రెండువేల గంటలే మామయ్యా" అంది.

చదువు కూడా ఊరికే బట్టీ కాదని ఒక సంఘటనతో తెలిసింది. మన బంధువొకాయన వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. మంచిచేతిని కట్టేస్తే చచ్చుబడ్డ చెయ్యి లేస్తుందని దాని సారాంశం. నేను వెంటనే మందపాటి చలి గ్లవ్ ఒకటి కొని అమ్మ కుడిచేతికి తొడగబోయాను. మేనకోడలు ఆపింది. ఆ పద్ధతి నిజమైనదేనట. 2006లో ఎమొరీ విశ్వవిద్యాలయపు స్టీవెన్ వుల్ఫ్ నాయకత్వంలో 222 మంది రోగుల మీద జరిగిన పరీక్షలో అది పనిచేస్తుందని తేలింది. కానీ వాళ్ళందరికీ పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైంది, మణికట్టు, వేళ్ళు కొంతైనా చాపగలిగే స్థితి ఉంది. అమ్మకు అప్పటికి వేలు కూడా కదలడం లేదు. కదలని చేతికి కదిలే చేతిని కూడా దూరం చేస్తే ఆవిడ అన్నం కూడా తినలేదు.

ఇంకో సంగతీ చెప్పింది. ఎంత తొందరగా లేపి ఎంత ఎక్కువ నడిపిస్తే అంత మంచిదని అందరిలాగే నేనూ అనుకునేవాణ్ణి. ఆస్ట్రేలియాలో జూలీ బెర్న్‌హార్ట్ అనే పరిశోధకురాలి నాయకత్వంలో 2,104 మంది రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి, ఎక్కువ మోతాదులో లేపి నడిపించినవాళ్ళు మూడు నెలల తర్వాత మిగతావాళ్ళంత బాగా కోలుకోలేదు. వుల్ఫ్, బెర్న్‌హార్ట్ ఇద్దరూ ఫిజియోథెరపిస్టులే. డాక్టరు సీటు రానివాళ్ళు చేరే చదువని నేననుకున్న చదువు ఇది.

జర్మనీలో ఈ రెసిడెన్సీ పద్ధతి లేదు. ఇక్కడ 1994 నాటి చట్టం ప్రకారం ఫిజియోథెరపీ మూడేళ్ళ వృత్తి విద్య, 2,900 గంటల పాఠాలు, 1,600 గంటల రోగుల దగ్గర శిక్షణ. కొన్ని కాలేజీల్లో డిగ్రీ కూడా ఉంది. నాడీ రోగులకు ప్రత్యేక వైద్యం చేసి బీమా నుంచి ఆ పద్దు కింద డబ్బు తీసుకోవాలంటే బోబాత్, వోయ్‌టా, పి.ఎన్.ఎఫ్. వంటి పద్ధతుల్లో విడిగా కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. బోబాత్ దంపతుల కథ విన్నాక నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది. బెర్తా బెర్లిన్‌లో వ్యాయామం నేర్పే టీచరు, కారెల్ డాక్టరు. యూదులు కావడం వల్ల నాజీల కాలంలో దేశం వదిలి లండన్ చేరారు. అక్కడ బెర్తా పక్షవాతం రోగుల బిగుసుకుపోయిన కాళ్ళు చేతులను సొంత చేతులతో పరిశీలించి ఒక పద్ధతి రూపొందించింది, భర్త దాని వెనకున్న శాస్త్రాన్ని వెతికాడు. వెళ్ళగొట్టిన దేశమే తర్వాత వాళ్ళ పద్ధతిని నెత్తిన పెట్టుకుంది. ఆ పద్ధతిలో కొన్ని నమ్మకాలు ఈనాటి పరిశోధనల ముందు నిలబడలేదని, కావలసిన పనినే పదేపదే చేయించడం ముఖ్యమని మా మేనకోడలు అంటుంది. కిప్ఫెన్‌బర్గ్ ఆవిడను ఈ విషయం అడిగితే చిరునవ్వు నవ్వి, "మా అత్తగారి వంటలాంటిది. నేర్చుకున్నాను, కొంత మార్చాను" అంది. కొత్తగా చేరినప్పుడు పాత థెరపిస్టు ఒకావిడ రెండేళ్ళపాటు తన వెనకే నిలబడి చూసేదట. ఇక్కడ ఆ మాట లేదు గానీ ఆ పని ఉందని నాకు అప్పుడు తట్టింది.

మన దగ్గరా ఈ రంగం నిన్నమొన్నటిది కాదు. చిత్తూరు, నెల్లూరు జిల్లాల వాళ్ళకు వేలూరు ఆసుపత్రి కొత్త కాదు. అక్కడ డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుము కింద చచ్చుబడినా, చక్రాల కుర్చీలోంచే శస్త్రచికిత్సలు చేసి, న్యూయార్క్ వెళ్ళి పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, ఆ విభాగాన్ని నిలబెట్టారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం వెలిసింది. ఇప్పుడు రెండేళ్ళ ఎం.పి.టి.లో నాడీ విభాగాన్ని ఎంచుకుని చదివే పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. 2021లో ఈ వృత్తులన్నిటికీ కలిపి జాతీయ కమిషన్ చట్టం కూడా వచ్చింది. వాళ్ళ వెనక నిలబడి, "ఆయన నడిచాడా, నువ్వు నడిపించావా?" అని అడిగేవాళ్ళు ఎంతమంది దొరుకుతారన్నదే ఇప్పుడు కావలసిన లెక్క.

అమ్మ సంగతికి వస్తాను. డిసెంబరులో రెండు చేతికడ్డీల మధ్య నిలబడింది. సంక్రాంతి నాటికి నాలుగు కాళ్ళ కర్రతో వరండా చివరిదాకా నడిచింది. ఎడమవైపు గోడకు ఎర్ర టేపు అంటించి, దాన్ని చూస్తూ నడవమనేది ఆవిడ. ఆ రోజు "ఎడమ, చూడు, మెల్లగా" అని ఆవిడ అంటుంటే, అమ్మ ఆగి, "చాలు" అని తనే జర్మన్‌లో చెప్పింది. ఇంటికి వచ్చినప్పుడు మార్కులు 85. మార్చిలో మా ఆవిడ వెంటబెట్టుకుని తెనాలి చేర్చింది. ఎడమ చెయ్యి పూర్తిగా రాలేదు. కాఫీ గ్లాసు పట్టుకుంటుంది గానీ పూలు గుచ్చలేదు. నేను లాగకపోతే ఆ చెయ్యి ఇంకొంచెం వచ్చేదా అని మేనకోడల్ని ఒకసారి అడిగాను. "చెప్పలేం మామయ్యా" అంది. నన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పలేదు. అది కూడా ఆ శిక్షణలో నేర్పుతారేమో.

తెనాలిలో ఇప్పుడు ఒక కుర్రాడు వారానికి మూడురోజులు స్కూటరు మీద ఇంటికొచ్చి చేయిస్తున్నాడు. బి.పి.టి. చేశాడు, శ్రద్ధగల పిల్లాడు. మొదట్లో అమ్మ కాలు పట్టుకుని వంచి చాపి వెళ్ళిపోయేవాడు. మేనకోడలు వీడియోలో పరిచయమై, కొన్నాళ్ళు వాడు చేయిస్తుంటే చూసి, ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. వాడిప్పుడు అమ్మచేత వంటింటి గడప దాటిస్తున్నాడు, దేవుడి గూటి దగ్గర ఎడమచేత్తో అగరొత్తి తీయిస్తున్నాడు. ఎం.పి.టి. న్యూరోకి వెళ్తానంటున్నాడట. వాళ్ళ నాన్న "ఉన్న సంపాదన వదులుకుని ఎందుకురా?" అంటున్నాడట. ఆ పెద్దమనిషితో నేను మాట్లాడతానని మాటిచ్చాను. గంటసేపు మాట్లాడడం నాకు అలవాటే.

మేనకోడలు 2024లో రెసిడెన్సీ ముగించి, 2025లో స్పెషలిస్టు పరీక్ష కూడా పాసయింది. ఆ వార్త చెప్పినప్పుడు, రెండేళ్ళనాడు నేనన్న మాటకు క్షమించమన్నాను. "ఏ మాట మామయ్యా?" అంది. గుర్తులేక కాదని ఇద్దరికీ తెలుసు. అమ్మ మాత్రం అందరికీ ఒకటే చెబుతోంది. "దాని తల్లికి నడక నేర్పింది నేను. దానికి నేర్పింది వాళ్ళమ్మ. నాకు నేర్పింది ఇది."

సభ్యులకు నా మనవి చిన్నదే. ఎవరికైనా మూతి ఒక పక్కకు జారినా, చెయ్యి పైకెత్తలేకపోయినా, మాట తడబడినా పడుకోబెట్టవద్దు. ఇక్కడైతే 112, మన ఊళ్ళల్లో అయితే 108, వెంటనే ఫోన్ చేయండి. పక్షవాతం వచ్చిన చెయ్యి పట్టుకుని లాగవద్దు. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఈ చదువు చదువుతామన్నా, చదివాక ఇంకో ఏడాది నేర్చుకుంటామన్నా, మాట్లాడే ముందు నాకొక ఫోన్ చేయండి.

చివరగా ఒక ముచ్చట. ఇక్కడి స్కూళ్ళలో పిల్లలు ఓ వారంపాటు ఎక్కడైనా పనిచేసి రావాలి. మా అమ్మాయికి మా ఫ్యాక్టరీలో చోటు నేను ముందే మాట్లాడి ఉంచాను. అది నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఒక ఫిజియోథెరపీ క్లినిక్కుకి దరఖాస్తు పెట్టుకుని, రమ్మన్నారని కాగితం తెచ్చి చూపించింది. మా ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను ఏమీ అనలేదు. బస్సు ఎన్నింటికో కనుక్కుని, పొద్దున్నే లేపాను.